పామ్ రేనాల్డ్స్ కేసు: ఏ మాట ఏ నిమిషానిది?

చావు అంచు దాకా వెళ్లి వచ్చినవారు చెప్పే మరణ సమీప అనుభవాల చర్చ ఎక్కడ మొదలైనా కాసేపటికి పామ్ రేనాల్డ్స్ పేరు వచ్చి తీరుతుంది. 1991 ఆగస్టులో అమెరికాలోని ఫీనిక్స్ నగరంలో, బారో న్యూరలాజికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆమెకు మెదడు ఆపరేషన్ జరిగింది. దాని గురించి లోకంలో తిరిగే కథ ఇది: గుండె ఆపేశారు, తలలోంచి రక్తం తీసేశారు, మెదడు విద్యుత్ అలలను చూపే ఈఈజీ గీత చదునైపోయింది, ఆ సమయంలో థియేటర్లో జరిగినదాన్ని ఆమె పైనుంచి చూశారు, విన్నారు. కాబట్టి మెదడు పనిచేయకపోయినా చైతన్యం ఉంటుంది.

ఇందులో మొదటి మూడు ముక్కలూ నిజం. నాలుగో ముక్కలో "ఆ సమయంలో" అన్న మాట దగ్గరే చిక్కు. ఈ కేసును మత్తు వైద్యం వైపు నుంచి, పక్కన గడియారం పెట్టుకుని చదివితే వేరే చిత్రం కనిపిస్తుంది. అది ఆమె అనుభవాన్ని చిన్నబుచ్చదు. కానీ ఆ అనుభవం దేనికి రుజువు అవుతుందో, దేనికి కాదో తేల్చి చెబుతుంది.

రోగి, జబ్బు

అట్లాంటాకు చెందిన గాయని, గేయ రచయిత్రి. అప్పటికి వయసు 35. తల తిరగడం, మాట పోవడం, కదలికల్లో ఇబ్బంది. స్కాన్‌లో మెదడు అడుగున బేసిలార్ ధమని గోడ మీద పెద్ద అన్యూరిజం, అంటే ధమని గోడ పలచబడి సంచిలా ఉబ్బిన చోటు, కనిపించింది. 25 మిల్లీమీటర్లు దాటితే దాన్ని జెయింట్ అన్యూరిజం అంటారు. బేసిలార్ ధమని మెదడును వెన్నుపాముతో కలిపే బ్రెయిన్ స్టెమ్‌కు రక్తం ఇస్తుంది. శ్వాస, మెలకువ, గుండె వేగం అన్నీ అక్కడినుంచే నడుస్తాయి. రక్తపు ఒత్తిడితో బిగుసుకుని ఉన్న ఆ సంచి మెడకు క్లిప్పు వేయబోతే, తాకీ తాకకముందే అది పగలొచ్చు.

అందుకే సర్జన్ రాబర్ట్ స్పెట్జ్‌లర్ శరీరాన్ని చల్లబరచి రక్తప్రసరణను పూర్తిగా ఆపే పద్ధతి ఎంచుకున్నారు. ప్రసరణ ఆగి, రక్తం బయటికి వెళ్తే సంచి కూలిపోతుంది. అప్పుడు పని సులువు. మామూలు 37 డిగ్రీల దగ్గర ప్రసరణ ఆగితే పది సెకన్లలోపే స్పృహ తప్పుతుంది, ఇరవై సెకన్లకల్లా ఈఈజీ చదునవుతుంది, నాలుగైదు నిమిషాలు దాటితే మెదడు కణాలు దెబ్బతినడం మొదలవుతుంది. ఒక్కో డిగ్రీ తగ్గించిన కొద్దీ మెదడుకు కావలసిన ఆక్సిజన్ సుమారు 6 నుంచి 7 శాతం తగ్గుతూ వస్తుంది. 15 డిగ్రీల ప్రాంతానికి దించితే అవసరం ఐదో వంతుకన్నా కిందికి పోతుంది. సర్జన్‌కు దొరికే వ్యవధి నిమిషాల నుంచి దాదాపు అరగంటకు పెరుగుతుంది. దీనికి తోడు ఈ పద్ధతిలో బార్బిచురేట్ అనే మత్తు మందును ఈఈజీలో చదును, మధ్యమధ్య చిన్న అలల గుంపు కనిపించే స్థాయి దాకా ఇస్తారు. దాన్ని బరస్ట్ సప్రెషన్ అంటాం.

అమర్చినవి

ఈ కేసు బలం, బలహీనత రెండూ ఇక్కడే ఉన్నాయి. నెత్తి మీద ఈఈజీ ఎలక్ట్రోడ్లు. కళ్లు మూసి టేపు వేశారు. రెండు చెవుల్లోనూ, ఆ చెవి ఆకారానికి తయారుచేసిన మోల్డ్‌లలో చిన్న స్పీకర్లు. వాటి గుండా సుమారు 100 డెసిబెల్స్ వరకు క్లిక్ శబ్దాలు పంపుతారు. శబ్దం చెవి నరం నుంచి బ్రెయిన్ స్టెమ్ గుండా వెళ్తున్నప్పుడు వచ్చే విద్యుత్ స్పందనను నెత్తి మీది ఎలక్ట్రోడ్లతో పట్టుకుంటారు. క్లిక్ వెళ్తున్నా స్పందన రావడం లేదంటే ఆ మార్గం పనిచేయడం ఆగిందన్నమాట.

గడియారం

ఆపరేషన్ రికార్డుల ఆధారంగా 1998లో హృద్రోగ వైద్యుడు మైకేల్ సేబమ్ తన పుస్తకంలో ఇచ్చిన క్రమం ఇది.

ఉదయం 7:15 – మెలకువగా ఉన్న రోగిని థియేటర్లోకి తెచ్చారు. పెంటోథాల్‌తో మత్తు, శ్వాస గొట్టం, మానిటర్లు.
8:40 – ఆపరేషన్ మొదలు. నెత్తి చర్మం కోసి, గాలి ఒత్తిడితో తిరిగే రంపంతో పుర్రె ఎముక కోత. ఆ దశలోనే మరో బృందం గజ్జ దగ్గర తొడ రక్తనాళాలను, గుండె, ఊపిరితిత్తుల పని చేసే హార్ట్ లంగ్ మెషిన్ కోసం సిద్ధం చేసింది. కుడివైపు నాళాలు సన్నగా ఉండటంతో ఎడమవైపు తీసుకున్నారు.
10:50 – మెషిన్ ద్వారా రక్తాన్ని చల్లబరచడం మొదలు.
11:05 – పొటాషియం క్లోరైడ్‌తో గుండె ఆపారు. ఈఈజీ చదును.
11:20 – శరీర ఉష్ణోగ్రత 60 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 15.6 సెల్సియస్. క్లిక్‌లకు స్పందన లేదు.
11:25 – బల్ల తల వైపు ఎత్తి, మెషిన్ ఆపి, రక్తం బయటికి తీశారు. అన్యూరిజం పని పూర్తిచేసి, మెషిన్ తిరిగి నడిపి వెచ్చబరచడం మొదలు.
మధ్యాహ్నం 12:00 – గుండె క్రమం లేకుండా అదురుతోంది. 50 జౌల్స్‌తో ఒక షాక్, 100 జౌల్స్‌తో ఇంకొకటి. లయ వచ్చింది.
12:32 – 32 డిగ్రీల సెల్సియస్ దగ్గర మెషిన్ ఆపారు. తర్వాత కుట్లు.
2:10 – రికవరీ గదికి. అప్పటికీ శ్వాస యంత్రం మీదే.

ఆమె చెప్పినవి

ఒక స్వరంలాంటి రంపం మోతకు తల పైభాగం నుంచి బయటికి లాగినట్టయిందని చెప్పారు. సర్జన్ భుజం మీద కూర్చున్నట్టు చూపు. రంపం ఎలక్ట్రిక్ టూత్‌బ్రష్‌లా ఉందని, మార్చుకునే బ్లేడ్లు ఒక పెట్టెలో ఉన్నాయని. జుట్టంతా తీస్తారనుకుంటే కొంతే తీశారని. రక్తనాళాలు చిన్నగా ఉన్నాయని ఒక ఆడ గొంతు అనడం, రెండోవైపు ప్రయత్నించమని జవాబు రావడం. తర్వాత సుడిలాంటి దారి, వెలుగు, చనిపోయిన అమ్మమ్మ, మామయ్య, ఇతర బంధువులు. తిరుగు ప్రయాణంలో శరీరం ఎగిరిపడటం చూడటం, మంచునీళ్లలో దూకినట్టు అందులోకి రావడం. కుట్లు వేస్తున్నప్పుడు థియేటర్లో మోగిన ఒక రాక్ పాట.

మరణ సమీప అనుభవాలను కొలిచే గ్రేసన్ స్కేల్ మీద ఇది 32కు 27. ఏడు వస్తేనే మరణ సమీప అనుభవంగా లెక్క. కాబట్టి అనుభవం ఎంత గాఢమైందన్న విషయంలో సందేహానికి తావు లేదు. అయితే ఆ స్కేల్ అనుభవంలో ఏముందో కొలుస్తుంది. అది ఎప్పుడు జరిగిందో, బయట జరిగినదానితో సరిపోయిందో లేదో దానికి పట్టదు. ఎక్కువ మార్కులను రుజువుగా చూపడం ఈ రంగంలో మాటిమాటికీ జరిగే పొరపాటు.

రెండు గంటల తేడా

పై రెండు జాబితాలను పక్కపక్కన పెట్టండి. బయటివాళ్లు సరిచూడగలిగిన వివరాలు రంపం, బ్లేడ్ల పెట్టె, జుట్టు, రక్తనాళాల సంభాషణ. ఇవన్నీ 8:40 తర్వాతి దశవి. గుండె ఆగింది 11:05కు, చల్లబరచడం మొదలైందే 10:50కి. అంటే ఆమె రంపం మోత విన్నప్పుడు శరీరం చల్లబడలేదు, గుండె కొట్టుకుంటోంది, మెదడుకు రక్తం మామూలుగా అందుతోంది. ఆమె మత్తులో ఉన్నారు, అంతే. మెదడు ఆగిన దశ అప్పటికి రెండు గంటల దూరంలో ఉంది.

పాట సంగతీ అంతే. అది మెషిన్ ఆపి, లయ వచ్చాక, కుట్ల సమయంలోది. శరీరం ఎగిరిపడింది మధ్యాహ్నం షాక్‌లప్పుడు. ఇక్కడ చదువరులు తడబడే చోటు ఒకటి ఉంది. అదురుతున్న గుండె రక్తం కొట్టలేదు కాబట్టి అప్పుడూ మెదడుకు రక్తం లేదనుకుంటారు. కానీ అప్పటికి మెషిన్ నడుస్తోంది, వెచ్చటి రక్తం మెదడుకు పోతోంది. గుండె పరిస్థితి, మెదడు పరిస్థితి రెండూ ఒకటి కాని కొద్ది సందర్భాల్లో ఇదొకటి.

మరి చదునైన ఈఈజీకి, అనుభవానికి ముడి ఎలా పడింది? సరిచూడగల వివరాలు రక్తప్రసరణ ఆగక ముందు కొన్ని, మళ్లీ మొదలయ్యాక కొన్ని ఉన్నాయి. ఆమె కథనం ఎక్కడా తెగలేదు. కాబట్టి నడుమ ఉన్న సుడి, వెలుగు, బంధువులు నడుమ ఉన్న కాలానివే అయి ఉండాలి. వాదన మొత్తం ఇదే. దీనిలోని లోపం మత్తు వైద్యులకు రోజూ కనిపించేదే. మత్తు ఇచ్చేటప్పుడు పలికిన మాట, నాలుగు గంటల తర్వాత లేచాక వినిపించిన మాట రోగికి ఒకదాని వెంట ఒకటి వచ్చినట్టు ఉంటాయి. మధ్యలో ఖాళీ ఉందని తెలియదు, ఎందుకంటే ఖాళీని గుర్తుపెట్టుకునేది ఏదీ అప్పుడు పనిచేయదు. జ్ఞాపకం మీద గంట ముద్ర పడదు. వెలుగు, బంధువుల భాగం 10:50కి ముందు, మత్తు మారుతున్న దశలో వచ్చి ఉండొచ్చు. మెషిన్ తిరిగి నడిచాక, రెండు గంటలకు పైగా సాగిన వెచ్చబడే, తేరుకునే దశలో వచ్చి ఉండొచ్చు. కథనం తెగకపోవడం ఈ రెంటిలో దేన్నీ కొట్టిపారేయదు.

మత్తులో వినపడటం

కండరాలు సడలించే మందు ఇచ్చాక రోగి కదలలేరు. అప్పుడు మత్తు తేలికపడితే బయటికి తెలిసే గుర్తు తగ్గిపోతుంది. మత్తులో అనుకోకుండా వచ్చే మెలకువ మీద బ్రిటన్, ఐర్లండ్‌లలో జరిగి, 2014లో వెలువడిన ఎన్‌ఏపీ5 పరిశీలనలో రోగులు తమంతట తాము చెప్పిన మెలకువ కేసులు సుమారు 19,000 మత్తులకు ఒకటి. సడలించే మందు వాడిన వాటిలో దాదాపు 8,000కు ఒకటి, వాడనివాటిలో 1,36,000కు ఒకటి. కానీ లేచాక పద్ధతిగా ప్రశ్నించిన అధ్యయనాల్లో ఇది వెయ్యికి ఒకటి, రెండు దాకా వచ్చింది. అడిగే తీరును బట్టే సంఖ్య ఇంతగా మారుతుంది.

ఇంకా సూటి పరీక్ష ముంజేయి పద్ధతి. సడలించే మందు ఇచ్చే ముందు ఒక చేతికి కఫ్ బిగిస్తారు, ఆ చేతికి మందు చేరదు. మత్తులో ఉన్న మనిషిని చెయ్యి నొక్కమంటారు. 2017లో వెలువడిన బహుళ కేంద్రాల అధ్యయనంలో గొట్టం వేశాక 260 మందిలో 12 మంది, అంటే 4.6 శాతం, మాట విని నొక్కారు. నొప్పి మందు బాగా పనిచేస్తుంటే ఇలాంటి మెలకువ బాధ లేకుండా, ప్రశాంతంగా కూడా సాగవచ్చు. రేనాల్డ్స్ విషయంలో ఇదే జరిగిందని మత్తు వైద్యుడు జెరాల్డ్ వోర్లీ వాదించారు.

ఈ వాదనకు ఎదురు ప్రశ్న బలమైనదే: ఈఈజీ పెట్టే ఉంది కదా, మెలకువ వస్తే తెలియదా? ఆ ఈఈజీ పెట్టింది రక్తం అందకపోవడాన్ని పట్టడానికి, మెదడు నిశ్శబ్దాన్ని నిర్ధారించడానికి. మత్తు లోతును నిమిషం నిమిషం లెక్కగట్టడం దాని పని కాదు. 8:40, 10:50 మధ్య ముడి ఈఈజీ అలలను చూస్తే తప్ప ఏ వైపూ తీర్పు చెప్పకూడదు. రంపం నడిచే వేళకే బరస్ట్ సప్రెషన్ ఉండి ఉంటే మెలకువ వాదన చాలావరకు కూలుతుంది. మామూలు మత్తు అలలు ఉంటే నిలబడుతుంది.

చూపు విషయం వేరు. కళ్లకు టేపు ఉంది. రంపం ఆకారం ఆమె చెప్పినదానికి దగ్గరగానే ఉంది, కానీ దాని మీది గాడి ఉన్న చోటు సరిపోలలేదని సేబమ్ కూడా గమనించారు. పళ్ల డాక్టరు డ్రిల్ మోతను ఎరిగిన మెదడు అలాంటి మోత వినగానే అలాంటి పరికరాన్నే ఊహిస్తుంది. బ్లేడ్ల పెట్టె మాత్రం అంత తేలిగ్గా వివరణలో ఇమడదు. అదీకాక సేబమ్ ఆమెను కలిసింది ఆపరేషన్ జరిగిన మూడేళ్లకు. ఆ మూడేళ్లలో ఎవరు ఏం చెప్పారో, ఏ ఫొటో కంటపడిందో వడకట్టి తీయడం ఎవరి తరమూ కాదు. ఈ వివరాలకు తన దగ్గర వివరణ లేదని స్పెట్జ్‌లర్ బహిరంగంగానే చెప్పారు. థియేటర్లో ఉన్న సర్జన్ మాట కాబట్టి దానికి విలువ ఇవ్వాలి.

చదునైన గీత అంటే

తల మీది ఎలక్ట్రోడ్‌కు అలగా కనిపించాలంటే కొన్ని చదరపు సెంటీమీటర్ల మెదడు పొర ఒకేసారి పనిచేయాలి. లోతు భాగాల్లోని చిన్న కదలిక అక్కడికి చేరదు. అందుకే చదునైన ఈఈజీ, ఆగిపోయిన మెదడు ఒకటే కాదని కొందరు అంటారు. మామూలుగా గుండె ఆగిన కేసుల్లో ఇది న్యాయమైన అభ్యంతరం. ఇక్కడ మాత్రం చెల్లదని మా అభిప్రాయం. 15.6 డిగ్రీలు, బార్బిచురేట్, రక్తం లేదు, బ్రెయిన్ స్టెమ్ స్పందన లేదు. నాలుగూ కలిశాక ఎక్కడో మూల కొద్దిపాటి కణాలు కథ నడిపాయనడం కష్టం. 11:25 తర్వాత ఆ కొద్ది నిమిషాల్లోనే చూసిన, విన్న ఒక్క వివరం ఖాయమై ఉంటే, అది చైతన్యం మీద మనకున్న అవగాహననే కదిలించేది. ఈ కేసులో అలాంటి వివరం ఒక్కటీ లేదు.

ఇలాంటి రోగి మళ్లీ ఎదురైతే

మొదటి పని గడియారాలు. మత్తు చార్టు, ఈఈజీ యంత్రం, పంప్ రికార్డు, గోడ గడియారం ఒకదానికొకటి రెండు మూడు నిమిషాలు తేడాగా నడవడం మామూలే. ప్రసరణ ఆగేది కొద్ది నిమిషాలే కాబట్టి మూడు నిమిషాల తేడా అంతా తారుమారు చేస్తుంది. మొదలుపెట్టే ముందు అన్నిటినీ ఒకే సమయానికి తేవాలి, కుదరకపోతే తేడా రాసి పెట్టాలి. ముడి ఈఈజీ దాచాలి. మత్తు లోతును లెక్కగట్టే బిస్ లాంటి మానిటర్ చూపే ఒక్క అంకె చాలదు, అది పదుల సెకన్లు ఆలస్యంగా వస్తుంది, నుదుటి కండరాల కదలికకు మోసపోతుంది. వీలైతే, అనుమతితో, థియేటర్ శబ్దాన్ని రికార్డు చేయాలి.

అడగడం ఎంత తొందరగా అయితే అంత మేలు, కానీ రోగి అయోమయంలో ఉండగా కాదు. ఐసీయూ డెలీరియం పరీక్ష చేసి, అది లేదని తేలిన రోజు మొదటి మాటలు తీసుకోవాలి. ఆ తర్వాత వారానికి, నెలకు మళ్లీ. మత్తులో మెలకువను ఆరా తీసే బ్రైస్ ప్రశ్నలు వరస మార్చకుండా అడగాలి: నిద్రపోయే ముందు చివరగా గుర్తున్నదేమిటి, లేచాక మొదట గుర్తున్నదేమిటి, ఆ రెంటి మధ్య ఏమైనా గుర్తుందా, కల వచ్చిందా, అన్నిటికన్నా ఇబ్బంది పెట్టింది ఏమిటి. రోగి మాటలు రోగి మాటల్లోనే రాయాలి. వెలుగు, సొరంగం అన్న పదాలు మన నోట ముందు రాకూడదు. గ్రేసన్ స్కేల్ ఆఖర్న. దాన్ని ముందే ఇస్తే ఆ 16 ప్రశ్నలే రోగి జ్ఞాపకాన్ని తీర్చిదిద్దుతాయి. రోగిని కలిసేవారు ఆపరేషన్‌లో ఏం జరిగిందో తెలియనివాళ్లయి ఉండాలి.

ఆ తర్వాత ప్రతి వివరానికీ విడిగా ఒక కాగితం: అది ఏ నిమిషానిది, ఆ నిమిషంలో ఉష్ణోగ్రత, రక్తపోటు, ఈఈజీ ఎంత, ఏ ఇంద్రియం ద్వారా వచ్చి ఉండొచ్చు, అనుమతి పత్రం దగ్గర గానీ, వార్డులో గానీ ముందే తెలిసే వీలుందా. నిమిషం దొరకని వివరాన్ని "కాలం తెలియదు" అనే వరసలో వదిలేయాలి. నడుమ ఖాళీలోకి నెట్టకూడదు.

ముందే దాచిన గుర్తులు పెట్టడమూ ఒక మార్గమే, కానీ దాని ఫలితాలు ఓపిక పరీక్షిస్తాయి. 2023లో వచ్చిన అవేర్ రెండో అధ్యయనంలో ఆసుపత్రిలో గుండె ఆగిన 567 మందికి గాను బతికినవారు 53, మాట్లాడగలిగినవారు 28. తల పైన ట్యాబ్లెట్ మీద బొమ్మలు, హెడ్‌ఫోన్లలో మూడు పండ్ల పేర్లు. బొమ్మను ఒక్కరూ చెప్పలేదు, పండ్ల పేర్లు ఒకరు చెప్పారు. కంటితో చూసేదానికన్నా చెవికి చేరేదే ముందు వెతకాలని ఇది సూచిస్తోంది. గుండె నొక్కుతున్నప్పుడు మెదడుకు కొంత రక్తం పోతూనే ఉంటుంది కదా.

రేనాల్డ్స్ కేసులో తేలాల్సింది కూడా చెవి సంగతే. మోల్డ్ పెట్టిన చెవికి రంపం మోత పుర్రె ఎముక గుండా నేరుగా చేరుతుంది, దానికి అడ్డేమీ లేదు. మనిషి గొంతు సంగతి అంత తేలిక కాదు. మాట 60 డెసిబెల్స్ ఉంటే, మోల్డ్ 20 నుంచి 30 తగ్గించినా మిగిలింది వినపడే స్థాయే. క్లిక్ ఒక్కోటి సెకనులో పదివేలో వంతు మాత్రమే. సెకనుకు 11 వేస్తే రెంటి మధ్య 90 మిల్లీసెకన్ల నిశ్శబ్దం ఉంటుంది. అయితే పెద్ద శబ్దం తర్వాత చెవి తేరుకోవడానికి 200 మిల్లీసెకన్ల దాకా పడుతుంది కాబట్టి ఆ నిశ్శబ్దం అంతా పనికిరాదు. దీన్ని లెక్కలతో తేల్చుకోవాల్సిన పని లేదు. చెవికి హాని కలగని వ్యవధిలో, మెలకువగా ఉన్న స్వచ్ఛంద వ్యక్తులకు అవే మోల్డ్‌లు, అదే వేగంతో క్లిక్‌లు పెట్టి, గజ్జ దగ్గర నిలబడే సర్జన్ ఉన్నంత దూరం నుంచి ఊహకందని చిన్న వాక్యాలు చదివించి, ఎన్ని సరిగా రాశారో చూడాలి. ఒక్కరూ రాయలేకపోతే మెలకువ వాదనకు గట్టి దెబ్బ. చాలామంది రాయగలిగితే ఆ సంభాషణ ఆమె చెవి గుండానే వెళ్లిందనడానికి అడ్డు తొలగుతుంది.